తిజిరీకి ఆ పేరు పెట్టిందెవరు?

పోయిన వారం మనం జూహర్‌ను పెళ్ళివాకిట్లో, చేతిలో కుస్కుస్ గిన్నెతో నిలబెట్టి వచ్చేశాం. ఆడవాళ్ళ వైపునుంచి ఎవరో “తిజిరీ!” అని కేక వేశారు. ముగ్గురు చిన్నపిల్లలు ఒక్కసారే వెనక్కి తిరిగారు. ముగ్గురి పేరూ అదే. వాళ్ళలో ఒకతె జూహర్ కూతురు. అందరూ ఘొల్లున నవ్వారు. ఆ నవ్వుల మధ్యనుంచి నాలుగో గొంతు, “వస్తున్నానే, అరవకు!” అంది. నలభై ఏళ్ళ మనిషి. చాలాకాలం తర్వాత ఊళ్ళో అడుగుపెట్టిన మనిషి. ఆమెను చూసిన మొక్రాన్ చేతిలోంచి కాఫీ పళ్ళెం జారి బండల మీద పడింది. కప్పులు పగిలిన చప్పుడుకు అందరూ మొక్రాన్ వంక చూశారు. అతని పెళ్ళాం జూహర్ మాత్రం, అతను ఎవరి వంక చూస్తున్నాడో చూసింది.

మర్నాడు పొద్దున జూహర్ కూతుర్ని నిద్రలేపుతూ, “ఏయ్ పిల్లా, లే” అంది.

పిల్ల కళ్ళు నులుముకుంటూ లేచి కూర్చుంది. పాలు కలిపి ఇస్తూ, “పిల్లా, ఒలకబోయకు” అంది. జడ వేస్తూ, “పిల్లా, తల తిప్పకు” అంది.

“నాకు పేరు లేదా ఏంటమ్మా?” అంది పిల్ల.

జూహర్ చేతిలో దువ్వెన ఆగింది. ఎనిమిదేళ్ళుగా రోజుకు వందసార్లు పిలిచిన పేరు. నిన్నటిదాకా ఆ పేరంటే ఆమెకు ఎంత గర్వమో ఊళ్ళో అందరికీ తెలుసు. ఇప్పుడది గొంతులో ముల్లులా అడ్డం పడింది.

తిజిరీ అంటే వెన్నెల. చంద్రుడికి మా భాషలో వేరే మాట ఉంది, ఆ వెలుగుకు ఇది. ఇప్పుడు మా కొండల్లో ఏ బడికి వెళ్ళినా తరగతికి ఇద్దరు తిజిరీలైనా ఉంటారు. టీచర్లు ‘పొడుగు తిజిరీ’, ‘సొట్టబుగ్గల తిజిరీ’ అని పిలుచుకుంటూ నెట్టుకొస్తుంటారు. కానీ పూర్వం ఆ మాటను మనిషికి పెట్టుకోవచ్చని ఎవరికీ తోచలేదు. ఆడపిల్ల పుడితే ఫాత్మా అనో వర్దియా అనో పెట్టేవాళ్ళు, లేదంటే ఈమధ్యే పోయిన ముసలమ్మ పేరు. జూహర్‌కు అలా వచ్చిందే తన పేరు. జూహర్ అంటే ముత్యమే, అర్థానికేం లోటు లేదు. కానీ అది ముసలివాళ్ళ పేరు. బడిలో తోటి పిల్లలు “జిదా, జిదా, నీ చేతికర్ర ఏదీ?” అని ఏడిపించేవాళ్ళు. జిదా అంటే అమ్మమ్మ.

తర్వాత తర్వాత మావాళ్ళకు మా భాష మీద మమకారం పెరిగింది. పాటల్లో, టీవీలో, అంగళ్ళ బోర్డుల మీద మా మాటలు కనబడటం మొదలైంది. ఇలాంటి పేర్లు మేం రాయం పొమ్మన్న ఆఫీసుల ముందు తండ్రులు గంటలకొద్దీ పోట్లాడి రాయించుకున్నారు. ఆ ఊపులో తిజిరీ అన్న పేరు ఒక ఊరినుంచి ఇంకో ఊరికి పాకింది. అందుకే కూతురు పుట్టినప్పుడు మొక్రాన్, “తిజిరీ అని పెడదాం” అంటే, అందరూ పెట్టుకుంటున్నదే కదా, ఎంత బాగుందో అనుకుని మురిసిపోయింది జూహర్. తనకు లేని పేరు తన కూతురికి దొరికింది.

కానీ నలభై ఏళ్ళ కిందట? అప్పుడు ఆ పేరున్న మనిషి ఈ కొండమీద ఒక్కతే. మొక్రాన్ పెట్టింది నలుగురూ పెట్టుకునే పేరు కాదు. ఒక మనిషి పేరు.

మొక్రాన్ కాఫీ తాగి వ్యాను తాళాలు తీసుకున్నాడు. ఊరికీ కింది పట్నానికీ మధ్య వ్యాను తిప్పడం అతని పని. మనిషి మెత్తన. గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు.

“నిన్న పెళ్ళికి వచ్చిందే, ఆవిడెవరు?” అంది జూహర్, రొట్టె తుంచుతూ.

“ఎవరు?”

“నువ్వు చూసిన ఆవిడ.”

“హోసిన్ చెల్లెలు.”

“పేరు?”

“విన్నావుగా.”

“నీ నోటినుంచి వినాలని ఉంది.”

మొక్రాన్ తాళాలు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. నోరు తెరిచాడు. “ప్రయాణికులు ఎదురుచూస్తుంటారు” అని వెళ్ళిపోయాడు. కూతుర్ని పిలిచేటప్పుడు అతని నాలుక మీదినుంచి తేలిగ్గా జారే మూడు అక్షరాలు, ఈ ఉదయం రాలేదు. ఏదైనా అబద్ధం చెప్పినా జూహర్ ఇంత కుంగిపోయేది కాదు.

వ్యాను చప్పుడు మలుపు దాటిందో లేదో ఫెరూజా వచ్చింది. ఫెరూజా అంటే హోసిన్ పెళ్ళాం, వచ్చినావిడకు వదిన. పెళ్ళికి ఎరువు తీసుకున్న జల్లెడ తిరిగిచ్చే నెపంతో వచ్చి, గడపమీదే కూలబడింది.

“జూహర్, తల్లీ, నేను చచ్చేట్టున్నాను. రెండు రోజులని వచ్చింది. రెండు పెట్టెలతో వచ్చింది! పెళ్ళికొచ్చేవాళ్ళు రెండు పెట్టెలు తెచ్చుకుంటారా? మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఆ ఇల్లు మరుదులు లాగేసుకున్నారట. ఇంక నా నెత్తినే. నిన్న నా వంటింట్లో ఉప్పు డబ్బా చోటు మార్చింది. నా ఉప్పు డబ్బా!”

“నాకెందుకు చెప్తున్నావు?”

ఫెరూజా జాలిగా చూసింది. ఆ జాలి ఎక్కడో తగిలింది జూహర్‌కు.

“నీకు నిజంగా తెలీదా? పైఊరి పిల్లవు, నీకు తప్ప ఊళ్ళో అందరికీ తెలుసు. మొక్రాన్‌కూ దానికీ పెళ్ళి ఖాయమైంది. గోరింటాకు కూడా నూరారు. అంతలో చెడింది.”

“ఎందుకు చెడింది?”

“నేనప్పటికి ఈ ఊరి కోడల్ని కాను. విన్నది నా నోటితో చెప్పను. మీ అత్తనడుగు. లేదా దాన్నే అడుగు, అత్తిచెట్ల దగ్గరుంది. నేనైతే ఊరుకోనమ్మా. నా కూతురికి అలాంటి పేరు...” అని నాలిక్కరుచుకుని, “నేనేమీ అనలేదు” అని లేచింది.

జూహర్ చెప్పులు తొడుక్కుంది. నడుముకు చుట్టుకున్న ఎరుపు పసుపు చారల ఫూతా బిగించి ముడేసుకుంది. వెళ్ళడానికి ఒక వంక కూడా వెతుక్కోలేదు.

దారి పొడుగునా ఆమెకు రెండు కోరికలు. ఆ మనిషి దగ్గరినుంచి చూస్తే అందవికారంగా ఉండాలి. అంతలోనే, కాదు, అందంగా ఉండాలి. అందం చూసి పడిపోయాడంటే అర్థం ఉంది. అందం లేని మనిషిని ఒక మగాడు ఇన్నేళ్ళు మనసులో పెట్టుకున్నాడంటే దానికి మందు లేదు.

కొండవాలులో అత్తిచెట్ల కింద రెల్లు తడికలు పరిచి ఉన్నాయి. పండిన అత్తిపళ్ళు వాటి మీద ఎండుతున్నాయి. ఆ మనిషి కొంకికర్రతో కొమ్మ వంచి పళ్ళు కోస్తోంది. బక్కపల్చటి మనిషి. తలగుడ్డ అంచున నెరిసిన వెంట్రుకలు. కళ్ళకింద నలుపు. చేతులు బట్టలుతికి ఉతికి మొద్దుబారిపోయాయి. అందగత్తె కాదు. జూహర్ గుండె ఇంకాస్త కిందికి జారింది.

“రా వదినా” అంది ఆమె, ఎదురుచూస్తున్నట్టే.

“వదినా అనకు. నేను నీకు వదినను ఎలా అయ్యాను?”

“సరే. జూహర్ అంటాను. మంచి పేరు.”

“ముసలి పేరు. నీ పేరులాగా పాటల్లోకెక్కే పేరు కాదు. అందరూ మోజుపడి పెట్టుకునే పేరు కాదు.”

తిజిరీ కొమ్మ వదిలేసింది. అది పైకి లేచి ఆకులన్నీ గలగలలాడాయి. “మోజా? నా చిన్నప్పుడు ఈ పేరుకు ఎంత ఏడిపించారో నీకేం తెలుసు. ‘వెన్నెలొచ్చింది, దీపాలార్పండర్రా’ అనేవాళ్ళు. కాగితాల మీద నేను జోహ్రాని. ఆ రోజుల్లో ఆఫీసులో తిజిరీ అని రాయమంటే, ఇదేం పేరు, పేరు కాదన్నారట. నిన్న పెళ్ళిలో ముగ్గురు పిల్లలు వెనక్కి తిరిగితే నేనే బిత్తరపోయాను. ఇన్నాళ్ళూ ఇది నా ఒక్కదానిదే అనుకున్నాను.”

“వాళ్ళలో ఒకతె నా కూతురు.”

“తెలుసు. కళ్ళు మొక్రాన్‌వే.”

“నా మొగుడి పేరు నీ నోట్లో ఎంత సులువుగా వస్తోంది!” అంది జూహర్. “ఆయన నోట్లో నీ పేరు రావడం లేదు పొద్దున. ఎందుకో చెప్తావా? నా కడుపున పుట్టిన పిల్లకు నీ పేరు పెట్టించుకున్నాడు. ఎనిమిదేళ్ళు నేనే నా నోటితో నిన్ను నా ఇంట్లోకి పిలిచాను. అన్నం తిను తిజిరీ, నా పక్కన పడుకో తిజిరీ... నేను నవ్వులపాలై తిరుగుతుంటే ఊరంతా చూస్తూ కూర్చుంది.”

తిజిరీ చేతులు ఫూతాకు తుడుచుకుని తడిక అంచున కూర్చుంది. జూహర్ కూర్చోలేదు.

“మీ అత్త నీకేమీ చెప్పలేదన్నమాట. సరే విను. మేం పెళ్ళి చేసుకోబోయిన మాట నిజమే. చెడిపోయింది ఎందుకంటే, మొక్రాన్ నాకు అన్న. పాల అన్న.”

జూహర్ నిలబడ్డచోటే నిలబడిపోయింది.

“నేను పుట్టిన వారానికి మా అమ్మకు జ్వరం తగిలింది, లేవలేని జ్వరం. మంచు పడి దారులన్నీ మూసుకుపోయాయి. మా నాన్న నన్ను దుప్పట్లో చుట్టి, మంచులో మోసుకొచ్చి మీ అత్త ఒళ్ళో పెట్టాడట. అప్పటికి మొక్రాన్ ఏడాది పిల్లాడు, ఇంకా పాలు తాగుతున్నాడు. ఆ రోజు మంచుమీద వెన్నెల పడి ఇంట్లోకి పగల్లా వెలుగొచ్చిందట. మీ అత్త దుప్పటి తీసి చూసి, ‘ఇది తిజిరీ కదే’ అంది. అంతే, అదే పేరైపోయింది. ఈ పేరు పెట్టింది మీ అత్తే. అంతకుముందు ఈ కొండమీద ఏ ఆడపిల్లకూ ఎవరూ పెట్టలేదు. అమ్మ కోలుకునేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను. మీ అత్త పాలు తాగాను. ఒకే తల్లి పాలు తాగినవాళ్ళు పెళ్ళాడకూడదు కదా. గోరింటాకు నూరిన రోజున మీ అత్త ఆ మాట బయటపెట్టింది.”

“అంతదాకా ఎందుకు చెప్పలేదట?”

తిజిరీ ఒక పండు తీసి, ఒత్తి చూసి, తడిక మీద పెట్టింది. “మర్చిపోయానంది” అంది. ఆ మాటను మరీ నెమ్మదిగా అంది.

జూహర్ గమనించలేదు. ఆమె ఒంట్లో బరువంతా దిగిపోయింది. చెల్లెలు! దేవుడే అడ్డుగీత గీసిన చెల్లెలు. ఆమె కూడా కూర్చుంది. ఇంక లేచి ఇంటికి వెళ్ళిపోవాల్సింది. కానీ అసూయ ఉన్న మనిషి చాలన్నచోట ఆగదు. తనకు తగిలే రాయిని తనే వెతికి తెచ్చుకుంటుంది.

“మరి నా కూతురికి నీ పేరెందుకు పెట్టాడు?”

“ఎందుకులే జూహర్.”

“చెప్పు.”

“పిచ్చి మాటలు, చిన్నప్పటివి. ఒకసారి అడిగాను, ఆడపిల్ల పుడితే ఏం పేరు పెడదామని. నీ పేరే అన్నాడు. ఇంట్లో ఇద్దరు తిజిరీలుంటే ఎవర్ని పిలుస్తున్నావో ఎలా తెలుస్తుందన్నాను. ‘ఇద్దరూ రండి’ అన్నాడు.”

మొక్రాన్ సాయంత్రం వ్యాను ఆపి, వాకిట్లోంచి “తిజిరీ!” అని పిలుస్తాడు. రోజూ పిలుస్తాడు. పిల్ల ఉరుకుతుంది. అతను పిల్లను ఎత్తుకుని, ఇంకా ఎవరో రావాల్సినట్టు ఒక్క క్షణం గుమ్మం వైపు చూస్తాడు. ఆ చూపు తనకోసమని ఇన్నేళ్ళూ అనుకుంది జూహర్. చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడేది.

ఇంటికి తిరిగొచ్చేసరికి అత్త తస్సాదిత్ వరండాలో పెద్ద కొయ్యపళ్ళెం ముందేసుకుని కుస్కుస్ చేస్తోంది. పిండిమీద నీళ్ళు చిలకరించి, అరచేతులతో గుండ్రంగా తిప్పుతూ గింజకట్టిస్తోంది. డెబ్బై దాటినా ఆ చేతులకు అలుపు లేదు. పిల్ల పక్కింట్లో ఆడుకుంటోంది.

జూహర్ దార్లో ఎన్నో అనుకుంటూ వచ్చింది. నాకెందుకు దాచారని అడుగుదామనుకుంది. కానీ ఆ ముసలి చేతుల్ని చూడగానే ఇంకోటి తోచింది. ఈమె ఆనాడు ఆ బిడ్డకు పాలివ్వకపోయి ఉంటే? ఈ వరండా, ఈ ఇల్లు, ఆ మొగుడు, ఆ కూతురు, ఏదీ తనది కాదు. జూహర్ వంగి అత్త తలమీద ముద్దు పెట్టుకుంది.

“ఏంటే ఇవాళ?” అంది తస్సాదిత్.

“నువ్వు చల్లగా ఉండాలి యెమ్మా. నాకంతా తెలిసింది. ఆవిడ చెప్పింది. ఆ మంచులో నువ్వు ఆ బిడ్డకు నీ రొమ్మిచ్చావు గనక నాకీ కాపురం దక్కింది. పరాయి బిడ్డకు పాలిచ్చిన పుణ్యం ఊరికే పోతుందా? నిన్ను దేవుడు నేరుగా స్వర్గానికి పిలుస్తాడు.”

తస్సాదిత్ చేతులు పిండిలో ఆగిపోయాయి.

“ఆ మాట అనకు” అంది.

“ఎందుకనకూడదు? నిజమేగా!”

“నన్ను ముద్దు పెట్టుకోకు. ఆ స్వర్గం మాటెత్తకు. నాకు భయమేస్తుంది.” ముసలామె వాకిలి వైపు చూసింది. ఎవరూ లేరు. “ఇవ్వలేదు.”

“ఏంటి యెమ్మా?”

“పాలు. ఇవ్వలేదు. నాకు మొక్రాన్‌కే సరిపోయేవి కావు. పక్కింటి మేకను వాకిట్లో కట్టించుకుని, ఆ పాలు కాచి, గుడ్డ ముంచి చప్పరించేట్టు చేశాను. ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్క చుక్క నాది తాగలేదు ఆ పిల్ల.”

జూహర్ నెమ్మదిగా గోడకు ఆనుకుంది. “మరి... పెళ్ళి రోజున...”

“అబద్ధమాడాను.”

“ఎందుకు?”

తస్సాదిత్ మళ్ళీ పిండి తిప్పడం మొదలుపెట్టింది. చేతులకు ఏదో ఒక పని లేకపోతే ఆ మాటలు రావన్నట్టు తిప్పింది.

“నీకు చెప్తే అర్థమవుతుంది. నీ మొహం నిన్నట్నుంచి చూస్తున్నాను. నాకూ అదే జబ్బు. వాడి చిన్నప్పుడే నా మొగుడు పోతే వాణ్ణి ఒక్కదాన్నే పెంచాను. పొద్దున లేస్తే ‘యెమ్మా’, పడుకుంటే ‘యెమ్మా’. ఆ పిల్ల ఎదిగాక ఆ పిలుపు పోయింది. ‘తిజిరీ ఇట్లా అంది, తిజిరీ అట్లా నవ్వింది, తిజిరీ చేసిన రొట్టె భలే ఉంది.’ నా రొట్టె తింటూ! నేను పెట్టిన పేరే జూహర్, నా నోటినుంచి పుట్టిన పేరు. అదే నా ఇంట్లోంచి నన్ను తోసేస్తోంది. గోరింటాకు నూరుతుంటే ఆడవాళ్ళంతా పాడుతున్నారు, వాడు గుమ్మంలో నిలబడి దాన్నే చూస్తున్నాడు. నేను ఆకలవుతోందిరా అన్నాను. వినలేదు. రెండోసారి అన్నాను. వినలేదు. మూడోసారికి నా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. వీళ్ళిద్దరూ నా పాలు తాగారు, ఈ పెళ్ళి కూడదు అన్నాను. ఒక్కసారి అన్నాక ఇంక వెనక్కి ఎలా తీసుకుంటాను? పెద్దలు ప్రమాణం చెయ్యమన్నారు. చేశాను.”

ఈ ముసలామెను అసహ్యించుకోవాలి. కానీ ఆ మూడోసారి పిలుపు ఎలా ఉంటుందో జూహర్‌కు తెలుసు. ఈ పొద్దున మొగుణ్ణి అడిగి అడిగి, జవాబు రాక తనూ అలాగే నిలబడింది.

“ఎవరికైనా చెప్పావా?”

“నీకే. చచ్చేలోపు వాడికి చెప్పుకోవాలి. ఆ ప్రమాణం మోసుకుని అటు ఎలా వెళ్ళను? అది మళ్ళీ ఊళ్ళోకి వచ్చిందంటే, దేవుడే పంపించాడు.”

“చెప్పకు” అంది జూహర్.

ఆ మాట ఇంత త్వరగా వస్తుందని ఆమె అనుకోలేదు. ముసలామె తలెత్తి చూసింది.

“చెప్పకు యెమ్మా. ఆవిడకు మొగుడు లేడు. ఈయనకు తెలిస్తే... చెల్లెలు గనక ఊరుకున్నాడు. చెల్లెలు కాదని తెలిసిన రోజున నేనేమవుతాను? నీ మనవరాలేమవుతుంది? నీ పాపం నువ్వు దించుకోడానికి నా ఇల్లు కూల్చకు.”

“నువ్వూ నాలాగే మాట్లాడుతున్నావే!” అంది తస్సాదిత్. అందులో వెటకారం లేదు. దిగులు ఉంది.

ఆ దిగులు తీరకముందే వాకిట్లో వ్యాను ఆగింది. మధ్యాహ్నం పూట మొక్రాన్ ఎప్పుడూ రాడు. తలుపు తెరుచుకున్న చప్పుడు, రెండు పెట్టెలు నేలమీద పెట్టిన చప్పుడు. పొద్దున్నే విన్న పెట్టెల సంగతి జూహర్‌కు చటుక్కున గుర్తొచ్చింది.

మొక్రాన్ వాకిట్లోకి వచ్చాడు. మొహం ఎర్రబడింది. జీవితంలో మొదటిసారి అతను గొంతు పెంచాడు.

“ఫెరూజా ఆమెను వెళ్ళగొట్టింది. నడివీధిలో! పెట్టెలు విసిరేసి, ‘నీ పాల అన్న దగ్గరికే పో’ అంది. నేను అటే వెళ్తున్నాను, నా కళ్ళతో చూశాను. అవును, నేను అన్ననే. ఊరంతా కలిసి నన్ను అన్నను చేసింది. అన్నగా నాకేం హక్కుందో అదైనా వాడుకుంటాను. ఆమె ఈ ఇంట్లో ఉంటుంది. యెమ్మా, నీ కూతురే కదా? జూహర్, నీకు ఆడపడుచే కదా?”

జూహర్ ఉండమంటే ఆ మనిషి రోజూ తన పొయ్యి దగ్గర కూర్చుంటుంది. వాకిట్లోంచి అతను పిలిచిన పిలుపుకు ఇద్దరూ తలెత్తుతారు. వద్దనాలంటే ఒకటే దారి, ఆమె చెల్లెలు కాదని చెప్పడం. చెల్లెలు కాకపోతే ఆమెకు ఈ ఇంట్లో చోటు లేదు. చెల్లెలు కాకపోతే, ఆమెను పెళ్ళాడటానికి అతనికి అడ్డూ లేదు.

తస్సాదిత్ లేవబోయింది. “ఒరే మొక్రాన్, నీకొక మాట...”

“వంట చల్లారిపోతుంది యెమ్మా” అంది జూహర్, అత్త భుజంమీద చెయ్యి వేసి నొక్కి కూర్చోబెడుతూ. ఇంకా పొయ్యే వెలిగించలేదు. గుమ్మం వైపు తిరిగి, పళ్ళు బిగించి, నవ్వు తెచ్చుకుంది. “రా లోపలికి. అన్న ఇల్లు కదా. అక్కడే నిలబడ్డావేం?”

తిజిరీ గడప అవతలే ఉంది. తలగుడ్డ జారి నెరిసిన జుట్టంతా కనబడుతోంది. బుగ్గమీద గీరుకున్న మచ్చ. కానీ ఆమె ఏడవడం లేదు. జూహర్‌నూ చూడటం లేదు. కొయ్యపళ్ళెం ముందున్న ముసలామెనే చూస్తోంది.

“వస్తాను” అంది. “యెమ్మా ఒక్క మాట చెప్తే వస్తాను. నేను పెళ్ళికోసం రాలేదు ఈ ఊరికి. అప్పట్లో మీ పక్కింట్లో ఉండి, తర్వాత ఊరు విడిచిన మా పెద్దమ్మ ఈ వేసవిలో పోయింది. పోయేముందు నన్ను పిలిపించుకుని, నా చిన్నప్పటి ముచ్చట్లు చెప్తూ కూర్చుంది. ఆ మంచునెలలో పొద్దున్నే తన మేకను తోలుకొచ్చి నీ వాకిట్లో కట్టేదట. పసిపిల్ల ఉంది, పాలు కావాలని నువ్వే అడిగావట.”

మొక్రాన్ పెట్టె ఎత్తబోయినవాడల్లా ఆగిపోయాడు.

“నేను నీ పాలు తాగి పెరిగాను కదా” అంది తిజిరీ. “మరి మేకెందుకు యెమ్మా?”

తస్సాదిత్ తిజిరీ వంక చూడలేదు, కొడుకు వంకా చూడలేదు. నిస్సహాయంగా, సాయం అడుగుతున్నట్టు, కోడలి వంక చూసింది.

మొక్రాన్ ఆ చూపును పట్టుకున్నాడు. తల్లి మొహంనుంచి పెళ్ళాం మొహానికీ, తల్లి భుజాన్ని ఇంకా అదిమిపట్టి ఉన్న పెళ్ళాం చేతికీ అతని కళ్ళు మళ్ళాయి.

“జూహర్,” అన్నాడు నెమ్మదిగా, “నీకేం తెలుసు?”